రెండు కుడికాళ్ల హాల్టు

అమీర్‌పేట వెనక, బేగంపేట దాటినంక, ఫతేనగర్ రాకముందు గుండ్లబావి అని ఒక బుడ్డ హాల్టు ఉండె. బావి మీద అపార్ట్‌మెంటు లేచింది, గుండ్లు ఆ అపార్ట్‌మెంటు పునాదిల కలిసినయి, మిగిలింది పేరొక్కటే. రెండు బెంచీలు, ఒక రేకుల షెడ్డు, ఒక టికెట్ కిటికి. కిటికిల మనిషి ఉంటే చిల్లర ఉండదు, చిల్లర ఉంటే మనిషి ఉండడు. గడియారం పెడ్తమని గోడకు మొల కొట్టిన్రు. లోకల్ బండ్లు మొదలై మూడేండ్లాయె, ఆ మొల ఇంక గడియారం తొవ్వ చూస్తనే ఉన్నది.

పేరు బోర్డు సుత ఉన్నది గని కనవడదు. దాని మీద జావా కోర్సు కాయితం, దాని మీద ఒరాకిల్, దాని మీద నలభై ఐదు రోజులల్ల టెస్టింగ్ టూల్స్. కాయితం మీద కాయితం అంటిచ్చి అంటిచ్చి బోర్డు పరుపు లెక్క మందమైంది. కొత్తగ దిగిన పోరగాండ్లు ఈ జాగ పేరు జావా అనుకొని ఇంటికి ఫోన్లు చేసేటోళ్లు.

ఆ హాల్టు మెట్ల కింద శివరాములు దుకాణం. న్యూ సిరిసిల్ల టేలర్స్. బోర్డు మీద పేరు కింద రెండు ముక్కలు రాయించిండు: "కటింగ్ మాస్టర్ శివరాములు. చెప్పిన టైముకు డెలివరీ." ఆ రెండు ముక్కలల్ల ఏది నిజమో ఆయన పెండ్లాం కమలవ్వను అడగాలె. ఆమె అడగకున్నా చెప్తది.

దుకాణం మంచిగనే నడుస్తుండె. ఎందుకంటే అమీర్‌పేటల కోర్సు చేసిన ప్రతి పోరగానికీ ఒక ఇంటర్వ్యూ ప్యాంటు గావాలె. బండి దిగుడు, మెట్ల కిందికి ఉరుకుడు, పర్ద వెనక పాత లాగు ఇడిసి కొత్త ప్యాంటు ఏసుకునుడు, మల్ల బండెక్కి హైటెక్ సిటీకి పోవుడు. శివరాములు కుట్టిన ప్యాంటుతోని ఎంతమందికి నౌకరీలు దొరికినయో ఎవ్వలూ చెప్పలేరు. దొరకనోళ్లయితే మల్ల అదే ప్యాంటు పట్కొని నడుము బిగియ్యమని వస్తరు, బెంగకు చిక్కిపోతరు గదా.

చిక్కు ఏందంటే, రోడ్డు దిక్కుకెల్లి ఆ దుకాణానికి తొవ్వ లేదు. అటు మురుగు మోరి, ఇటు అపార్ట్‌మెంటు గోడ. మెట్లు దిగి వస్తేనే గిరాకి. బండి ఆగితే దుకాణం, ఆగకుంటే అది దుకాణం గాదు, కుట్టుమిషిని పెట్టుకున్న గుంత.

రెండువేల ఆరుల, ఒక సోమవారం పొద్దుగాల, టికెట్ కిటికి పక్కన కాయితం అంటిచ్చిన్రు. అది సుత ఒక జావా కాయితం మీదనే అంటిచ్చిన్రు. "గుండ్లబావి వద్ద బండి ఆపుట వలన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల అమూల్యమైన రెండు నిమిషములు వృథా అగుచున్నవి. ఈ హాల్టు తీసివేయు విషయమై గురువారం ఉదయం అధికారి వచ్చి పరిశీలించెదరు. దీని పూర్వాపరములు తెలిసినవారు కాయితములతో హాజరు కావలెను."

శివరాములు మూడుసార్లు చదివిండు. మూడుసార్లూ అదే రాసి ఉన్నది.

"రెండు నిమిషాలంట," అన్నడు కమలవ్వతోని. "పోరగాండ్లు ఆఫీసుల గంటసేపు చాయ్ తాగుతరు. గదేం కాదంట. నా దుకాణం ముంగట రెండు నిమిషాలు ఆగితే దేశం మునిగిపోతదంట."

కమలవ్వ కాజాలు కుడ్తున్నది. సూది ఆపలే. "టైము గురించి నువ్వు చెప్తున్నవా? పోయిన వారం ఇస్తనన్న ప్యాంటు గోడకే ఉన్నది."

"గది వేరే ముచ్చట."

"అన్నీ వేరే ముచ్చట్లే నీకు."

అప్పుడే మీదికెల్లి బుచ్చిబాబు దిగిండు. తణుకు మనిషి. పక్క బిల్డింగుల రెండో అంతస్తుల ఆయన ట్రైనింగ్ సెంటరు. కంప్యూటర్ గురించి బుచ్చిబాబుకు తెలిసింది ఒక్కటే, దుమ్ము పడకుండ గుడ్డ కప్పాలె. గని ఆయన దగ్గర ఇంకో విద్య ఉన్నది. డిగ్రీ పాసై నెల గాని పోరడు ఆయన రూములకు పోతే, గంటల మూడేండ్ల అనుభవంతోని బయటికొస్తడు. బెంగుళూరుల ఏదో కంపెనీ, దానికో ఉత్తరం, ఉత్తరానికో స్టాంపు, ఎవలన్న ఫోన్ చేసి అడిగితే "అవునండీ, మా దగ్గర బంగారంలా పనిచేశాడండీ" అని చెప్పెటందుకు బుచ్చిబాబు సొంత గొంతు. ఆ సెంటర్‌కు పోరగాండ్లు దిగేది సుత ఈ హాల్టులనే. అందుకే ఆయనకూ కడుపు కాలింది.

"ఏంటండీ శివరాములు గారూ, అలా డీలా పడిపోయారు?"

"డీలా పడక డ్యాన్స్ చెయ్యాల్నా సార్? బండి ఆగదంటున్నరు."

"దానిదేం ఉందండీ. సమస్యల్లా ఒక్కటే. మన హాల్టుకి అనుభవం లేదు." బుచ్చిబాబు స్టూలు మీద కూసొని, పోరగాండ్లకు చెప్పినట్టే చేతులు తిప్పుకుంట చెప్పిండు. "ఫ్రెషర్‌ని ఎవడైనా తీసేస్తాడండీ. డెబ్భై అయిదేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి తీసెయ్యమనండి చూద్దాం!"

"హాల్టుకు అనుభవం ఎక్కడికెల్లి వస్తది సార్?"

"కుర్రాళ్లకి ఎక్కణ్ణుంచి వస్తోందండీ?"

అమీర్‌పేటల గిది తిరుగులేని మాట.

బుధవారం సాయంత్రానికి ఫైలు తయారు. ప్లాస్టిక్ అట్ట, లోపట పన్నెండు పేజీలు. బుచ్చిబాబు దుకాణంల నిలబడి చదివిండు. అసలు సంగతి ఏందంటే, పంతొమ్మిదొందల ముప్పై ఒకటిల ఒక నవాబుగారి బేగంసాహెబాకు ఊపిరి ఆడలేదంట. మంచి గాలి కోసం గిక్కడ బండి ఆపిన్రంట. ఆమె దిగి ఒక్కసారి గాలి పీల్చి "వాహ్" అన్నదంట. ఆ పొద్దు సంది ప్రతి బండీ ఆగుతున్నదంట.

"గిక్కడ గాలా?" అన్నది కమలవ్వ, మోరి దిక్కు చూసి.

"అప్పట్లో బాగుండేదండీ."

"నవాబు పేరేంది?"

"పేరెందుకండీ? పేరు రాస్తే వాళ్ల మనవలొస్తారు. నవాబుగారు, అంతే. దీనికి ప్రాణమల్లా ఇదిగో, ఇక్కడుంది చూడండి." బుచ్చిబాబు వేలు పెట్టి చూపిచ్చిండు. "ఉత్తర్వు నంబరు నాలుగొందల పదిహేడు బార్ బి. నంబరున్న అబద్ధాన్ని ఎవడూ అడగడండీ."

"గా నంబర్ ఎక్కడిది సార్?" అన్నడు శివరాములు.

"నా స్కూటర్‌దండీ."

"బి?"

"బుచ్చిబాబు."

బేగం దిగినప్పుడు మా అవ్వ కండ్లార చూసిందని రేపు ఆఫీసర్‌కు చెప్పుమని బుచ్చిబాబు కమలవ్వను అడిగిండు. కమలవ్వ సూదికి దారం ఎక్కిచ్చుకుంట అన్నది: "మా అవ్వ సిరిసిల్ల పొలిమేర దాటలే. బేగంను కాదు, బేగంపేటనే చూడలే. నేను చెప్ప." బుచ్చిబాబు మొకం చిన్నగ చేసుకొని పోయినంక, మొగని దిక్కు తిరిగి మెల్లగ అన్నది, "ట్రంకుపెట్టెల ఉన్నది చెప్పరాదు?"

"ఊకో."

"నిజం గదా అది."

"నిజం కాబట్టే ఊకొమ్మంటున్న."

ఆ ట్రంకుపెట్టె ముచ్చట ఇప్పుడు చెప్పుకోవాలె. పంతొమ్మిదొందల డెబ్భై తొమ్మిదిల శివరాములు, కమలవ్వ కొత్తగ పెండ్లి చేసుకొని సిరిసిల్లకెల్లి పట్నం వచ్చిన్రు. పట్టాల పక్కన తాటిపత్రి కట్టి, మిషిని పెట్టిండు. ఆరు నెలలు ఒక మాస్టర్ దగ్గర గుండీలు కుట్టిండో లేదో, తనకు తానే కటింగ్ మాస్టర్ అయిండు. అప్పుడు గిక్కడ హాల్టు లేదు, ఏం లేదు, సిగ్నల్ కంబం ఒక్కటే ఉండె. ఒకనాడు సిగ్నల్ పడక ప్యాసింజర్ బండి ఆగింది. ఇంజనుకెల్లి డ్రైవర్ రాజనర్సయ్య దిగిండు. పెద్ద మనిషి, పెద్ద మీసం, పెద్ద నడుము. చేతుల బూడిద రంగు టెరికాటు గుడ్డ. బొంబాయికెల్లి బామ్మర్ది తెచ్చిండంట.

"పెండ్లికి పోవాలె. ఎప్పుడిస్తవ్?"

"గురువారం అన్నా," అన్నడు శివరాములు. అదే ఆయన మొదటి గురువారం.

గుడ్డ మంచిదని ఉత్సాహంగ ఆ పొద్దే కోసిండు. సాక్‌పీస్‌తోని గీత గీసి, కత్తెర పట్టి, సర్రున కోసిండు. కోసినంక రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసిండు. రెండూ కుడికాళ్లే! గుడ్డకు లోపలి దిక్కు, బయటి దిక్కు వేరే ఉంటది గదా, మడత పెట్టి కొయ్యాల్సింది పోయి ఒకదాని వెనక ఒకటి కోసిండు. ఎడమకాలికి గుడ్డ మిగల్లే. కాపురం కొత్త గాబట్టి కమలవ్వ నవ్వు ఆపుకున్నది. ఇప్పుడైతే ఆపుకోదు.

గురువారం సిగ్నల్ పడే ఉన్నది, అయినా రాజనర్సయ్య బండి ఆపిండు. "అయిందార?" "కాజాలు మిగిలినయన్నా, రేపు." రేపు ఆపిండు. "జిప్పు దొరకలే అన్నా." ఎల్లుండి ఆపిండు. "ఇస్త్రి పెట్టె బొగ్గు అయిపోయిందన్నా." శివరాములు ఆ రంగు గుడ్డ కోసం పంజాగుట్ట తిరిగిండు, సుల్తాన్ బజార్ తిరిగిండు, పత్తర్‌గట్టి తిరిగిండు. పదకొండు నెలలు! పదకొండు నెలలు దినాం ఆ బండి గాడ ఆగింది, ప్యాంటు కోసం.

ఆగిన బండిని జనం ఊకె చూస్తరా? మొదలు కూరగాయల బుచ్చమ్మ గంప ఎత్తుకొని ఎక్కింది. తెల్లారి ఆమె చెల్లె. వారానికి సనత్‌నగర్ కార్ఖానల పనిచేసేటోళ్లు పది మంది. ఎక్కెతందుకు రాళ్లు పేర్చిన్రు. రాళ్ల మీద బండలేసిన్రు. ఆఖరికి ఎట్లనో ఎడమకాలు దొరికింది గని అది జర నీలం. రాజనర్సయ్య చూసి, "ఇది ఏసుకొని ఇంజను దిగితే నన్నే సిగ్నల్ అనుకుంటర్రా," అని ఇడిసేసి, ట్రాన్స్‌ఫర్ మీద పోయిండు. పోతపోత కొత్త డ్రైవర్‌తోని, "ఆడ ఆపకుంటే జనం తిడ్తరు, ఆపు," అని చెప్పి పోయిండు. నాలుగేండ్లకు పెద్దాఫీసు నుంచి ఎవలో వచ్చి, ఇంతమంది నిలబడ్డరంటే ఇది హాల్టే అయి ఉంటదనుకొని బోర్డు పెట్టిన్రు. అడిగినోడు లేడు, చెప్పినోడు లేడు.

అదీ గుండ్లబావి చరిత్ర. ఇది బయట పడ్తే ఏమైతది? ఇరవై ఏడేండ్ల కటింగ్ మాస్టర్ ఇజ్జత్ పోతది. ఇంటర్వ్యూ ప్యాంటు కుట్టనిచ్చే పోరగాండ్లు "అంకుల్, నాకు ఒక ఎడమకాలు సుత పెట్టు" అని నవ్వుతరు. ప్యాంటు కోసం రైలు ఆపించినవని కేసు పెడ్తే ఇంక అది వేరే. అందుకే శివరాములు ఊకొమ్మన్నడు.

గురువారం పొద్దుగాల వీర్రాజు అనే ఆఫీసర్ బండి దిగిండు. సన్నటి మనిషి, నడుము కాడ ప్యాంటు ముడతలు పడి బెల్టు మీద ఏలాడుతున్నది. షెడ్డు కింద బెంచీ మీద ఫారం పరిచి కూసున్నడు. చుట్టూ పోరగాండ్లు గుమిగూడిన్రు. బుచ్చిబాబు టై కట్టుకొని వచ్చిండు. ఇంటర్వ్యూ గదా.

"నమస్కారమండీ. మీదే ఊరండీ?"

"పెద్దాపురం."

"అబ్బ, మాది తణుకండీ! మన వాళ్లే." బుచ్చిబాబు ఫైలు రెండు చేతులతోని అందించిండు. వీర్రాజు పేజీలు తిప్పిండు. బేగం కాడ ఆగలే. గాలి కాడ ఆగలే. నంబరు కాడ ఆగిండు. ఆయన మొకం ట్యూబ్‌లైటు లెక్క రెండుసార్లు కొట్టుకొని వెలిగింది.

"హమ్మయ్య! దొరికిందండీ!"

"చెప్పాను కదండీ," అన్నడు బుచ్చిబాబు, శివరాములు దిక్కు కన్ను కొట్టుకుంట.

"ఆర్నెల్ల నుంచి వెతుకుతున్నానండీ ఈ నంబర్ కోసం. మా రికార్డుల్లో ఈ హాల్టు తెరిచిన ఉత్తర్వే లేదు. తెరిచిన ఉత్తర్వు నంబరు వేస్తేగాని మూసే ఫారం కదలదు. ఇదిగో, మూడో గడి, ఖాళీగా ఉండిపోయింది. మీ పుణ్యమా అని ఇప్పుడు రాసేస్తాను. సోమవారం నుంచి బండి ఆగదు." పెన్ను మూత తీసిండు.

బుచ్చిబాబు టై ఊపిరాడనియ్యలే. "అంటే... నంబరు కాస్త అటూ ఇటూ అయ్యుండొచ్చండీ..."

"స్టాంపు కూడా ఉందిగా?"

"ఉందండీ. అదే... ఉందండీ." అబద్ధమంటే నకిలీ కాయితం కేసు, నిజమంటే హాల్టు బంద్. ఎంతమందికో అనుభవం ఇచ్చిన మనిషికి ఆ పొద్దు తనదంటూ ఒకటి దొరికింది.

వీర్రాజు నాలుగు రాసిండు. ఒకటి రాసిండు. శివరాములు ఆ పెన్ను దిక్కే చూస్తున్నడు. చుట్టూ ఉన్న పోరగాండ్లలో నలుగురి ప్యాంట్లు తన చేతివే. కమలవ్వ మెట్ల మీద నిలబడి మొగని దిక్కే చూసింది. ఏడు రాయబోతుంటే శివరాములు నోట్లకెల్లి మాట జారింది.

"ఆగుండ్రి సార్! గా నంబర్ స్కూటర్‌ది."

"ఏంటీ?"

"ఈ హాల్టుకు ఏ ఉత్తర్వూ లేదు సార్. ఇది నా తప్పుతోని పుట్టింది." మెట్లు దిగి ఉరికిండు, ట్రంకుపెట్టె తెరిచిండు, నాఫ్తలీన్ వాసనతోని ఆ ప్యాంటు పట్కొచ్చి బెంచీ మీద పరిచిండు. ఒక కాలు బూడిద, ఒక కాలు నీలం. పక్కకు, దేనికీ పనికిరాని ఇంకో కుడికాలు. నడుముకు పిన్నుతోని గుచ్చిన చీటీ: "రాజనర్సయ్య, డ్రైవర్, నడుము 40, గురువారం. 1979."

శివరాములు మొత్తం చెప్పిండు. కాజాలు, జిప్పు, బొగ్గు, పదకొండు నెలలు, బుచ్చమ్మ గంప, ఏదీ ఇడవలే. చెప్పుకుంట చెప్పుకుంట ఆయన మెడ కిందికి వంగింది. పోరగాండ్లు మొదలు కిసుక్కుమన్నరు, తర్వాత పొట్టలు పట్టుకున్నరు. ఒకడు తన ప్యాంటు కాళ్లు వంగి చూసుకున్నడు.

"అంకుల్, నాది చెక్ చేసినవా?"

"ఊకోరా, నీ రెండు కాళ్లు సరిగ్గనే ఉన్నయి. బుర్రనే చూసుకో," అన్నది కమలవ్వ.

వీర్రాజు ఆ మిగిలిన కుడికాలు చేతిలకు తీసుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. ఉద్యోగంల ఇరవై రెండేండ్లు ఎన్నో కాయితాలు చూసిండు గని ఇంత సత్యమైన రికార్డు ఎన్నడూ చూడలే.

"అయితే తెరిచిన ఉత్తర్వు లేనే లేదంటారు."

"లేదు సార్. ప్యాంటు ఒక్కటే ఉన్నది. జైలుకన్న పంపుండ్రి, పని చేసిన చెయ్యి నాది."

"జైలు సంగతి నాకు తెలీదు గానీ," వీర్రాజు మూడో గడిల రాసిన నాలుగూ ఒకటీ కొట్టేసిండు, "తెరవని దాన్ని మూయడానికి మా దగ్గర ఫారం లేదండీ. ముందు దీన్ని తెరవాలి. తెరవాలంటే సర్వే చెయ్యాలి, స్థలం మాదా కాదా తేలాలి, మూడు ఆఫీసులు సంతకాలు పెట్టాలి. ఒక పన్నెండేళ్లు. ఆ తర్వాత మూసేస్తాం."

"మరి అప్పటిదాకా?"

"అప్పటిదాకా లేని హాల్టులో బండి ఆగుతుంది. నేనేం చెయ్యను?" బుచ్చిబాబు ఫైలు బుచ్చిబాబుకే ఇచ్చిండు. "ఇది తీసుకెళ్లండి. నేను చూళ్లేదు. స్కూటర్ మాత్రం జాగ్రత్త."

బుచ్చిబాబు టై ఇప్పి జేబుల పెట్టుకొని, ఎవ్వల దిక్కూ చూడకుండ రెండో అంతస్తుకు పోయిండు. పోరగాండ్లు బండొస్తే ఎక్కిపోయిన్రు. పోతపోత ఒకడు కిటికిలకెల్లి "కుడికాలు మాస్టర్!" అని కేక పెట్టిండు. శివరాములుకు చెవులు ఎర్రగైనయి. ఈ పేరు ఇంక పోదు, ఆయనకు తెలుసు. బండి మాత్రం రెండు నిమిషాలు నిండ ఆగింది.

వీర్రాజు ఇంక పోలే. బెల్టు ఎగేసుకుంట మెట్లు దిగి దుకాణం కాడ నిలబడ్డడు. "ఏవండీ, పరిశీలన రిపోర్టు పూర్తి చేసేముందు నేను ఇంకోసారి రావాల్సి ఉంటుందేమో. అన్నట్టు, ఈ ప్యాంటు నడుము కాస్త పట్టిస్తారా? మా ఆవిడ సఫారీ గుడ్డ కూడా ఒకటి కొనింది..."

"పట్టుకరండ్రి సార్," అన్నడు శివరాములు. మెడల టేపు తీసి సారు నడుముకు చుట్టిండు.

మర్నాడే గుడ్డ వచ్చింది. కొలతలు రాసుకున్నడు. బూడిద రంగు కాదు గదా అని రెండుసార్లు చూసుకున్నడు. ఈసారి మడత పెట్టి మంచిగ కోస్త, ఇజ్జత్ నిలబెట్టుకుంట అనుకొని గుడ్డ బల్ల మీద పరిచి కత్తెర కోసం చెయ్యి పెట్టిండు. కత్తెర లేదు. మిషిని కింద చూసిండు, లేదు. పర్ద వెనక చూసిండు, లేదు.

"కమలా, కత్తెర ఏమాయెనే? సారుకు గురువారం ఇస్తనన్న."

కమలవ్వ, రాజనర్సయ్య ప్యాంటు మల్ల లోపట పెట్టి తాళం ఏసిన ట్రంకుపెట్టె మీద కూసొని కాజాలు కుడ్తున్నది. లేవలే.

"ఇయ్యి, గురువారం ఇయ్యి," అన్నది. "ఏ గురువారమో చెప్పినవా ఏంది?"